రెండో బ్రేకు

మా హాలు గోడకి ఫొటో కంటే ముందు మేకు వచ్చింది. పిల్లలకి సెలవులింకా ఇవ్వనే లేదు, పార్కుకి ఎప్పుడు వెళ్ళాలో అనుకోనే లేదు, మా ఆయన మాత్రం కుర్చీ ఎక్కి, సుత్తి పుచ్చుకుని, టీవీకి సరిగ్గా పైన మేకు దిగ్గొట్టేశాడు. సున్నం పెళ్ళలు రాలి నా కుట్టు మిషను మీదా, కత్తిరించి పెట్టుకున్న యూనిఫాం గుడ్డల మీదా పడ్డాయి.

"దేనికండీ ఇది?" అన్నాను గుడ్డలు దులుపుకుంటూ.

"ఫొటోకి. మనవాడు కొండచిలువ ఎక్కిన ఫొటోకి."

కొండచిలువంటే ఊరి చివర ఆటల పార్కులో ఉన్న రోలర్ కోస్టర్. నెమ్మదిగా పైకెక్కి, అక్కణ్ణించి ఒక్కసారిగా కిందికి దూకి, తలకిందులుగా తిరిగి వస్తుంది. సరిగ్గా దూకే చోట కెమెరా ఒకటి పెట్టారు. దిగి బయటికొచ్చేసరికి ఎవరి ఫొటో వాళ్ళకి సిద్ధంగా ఉంటుంది, ఇష్టమైతే కొనుక్కోవచ్చు. అలాంటిదొకటి మా బావగారింటి హాల్లో వేలాడుతోంది. అందులో వాళ్ళబ్బాయి ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు. ఆ ఇంటికి ఎవరెళ్ళినా బావగారు ముందు ఫొటో చూపించి, ఆ తర్వాతే కూర్చోమంటారు. మా ఆయన తమ్ముడాయె. అక్కడికి వెళ్ళొచ్చిన రోజల్లా మొహం ముటముటలాడించుకుంటూ తిరుగుతాడు.

అన్నదమ్ముల పోటీలో నాకేం అభ్యంతరం లేదు. కొట్టుకుంటారో తిట్టుకుంటారో వాళ్ళిష్టం. మధ్యలో నా కొడుకుని లాగినందుకే నాకు ఒళ్ళు మండింది.

మా వాణ్ణి చంటీ అంటాం. తొమ్మిదేళ్ళొచ్చినా మాకు వాడు చంటే. ఉయ్యాల ఎక్కినా ఒక కాలి బొటనవేలు నేలకి ఆనించే ఉంచుతాడు. మేడ దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగుతాడు. అలాగని మందమతి కాదు. రైళ్ళంటే వాడికి ప్రాణం. వాటి గురించి మొదలుపెడితే ఎవడో ఒకడు ఆపాల్సిందే. ఇక వాడి చెల్లెలు పిడుగు, పేరుకి తగ్గ పిల్ల. ఆరేళ్ళకే అలమార మీంచి మంచం మీదికి దూకుతుంది, కింద పడితే లేచి మళ్ళీ అలమార ఎక్కుతుంది. ఇద్దర్నీ కన్నది నేనే, పెంచింది నేనే. వాడికి ఎక్కువైపోయిన భయం దానికి బొత్తిగా చాలదు. అందులో తప్పెవరిదో నాకు అర్థం కాలేదు కానీ మా ఆయనకి మాత్రం అర్థమైపోయింది.

"నువ్వే వాణ్ణి కొంగున కట్టుకుని తిప్పుతున్నావు. పిరికి పిల్లాడు ఊరికే తయారవుతాడా?"

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. స్టీరింగు చూస్తేనే వణికిపోయేవాళ్ళని తీసుకెళ్ళి నడిరోడ్డు మీద బండి తోలించడం ఆయన పని. పని బాగా చేస్తాడు, కాదనను. చిక్కల్లా ఒక్కటే. ఇంటికొచ్చాక కూడా మాస్టారుగిరీ వదలడు.

ఏటా సెలవులిచ్చిన రోజున పిల్లల్ని వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, ఎత్తు కొలిచి పెన్సిలుతో గీత పెట్టడం మా ఇంట్లో అలవాటు. ఆ ఏడు మా ఆయన పెన్సిలుతో పాటు ఎర్ర మార్కరు కూడా తెచ్చాడు. కొండచిలువ ఎక్కడానికి పిల్లలు కనీసం ఇంత ఎత్తుండాలని పార్కువాళ్ళు ఫోన్లో చెప్పారట. గుమ్మం మీద అంత ఎత్తున అడ్డంగా ఎర్ర గీత గీశాడు. పిడుగు దానికి చాలా కిందుంది. చంటి తల మాత్రం గీత దాటి రెండు వేళ్ళు పైకొచ్చింది.

"చూశావా, దాటేశాడు!" అని వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు.

పిడుగు కాళ్ళు నేలకేసి కొట్టి ఏడుపు అందుకుంది. చంటి ఏడవలేదు. వెనక్కి తిరిగి ఎర్ర గీత వంక కాసేపు చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం నాకు ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు. బడులు తెరిచేలోగా పేటలో సగం మందికి యూనిఫాంలు కుట్టాలి. మెడలో టేపు తీయకుండానే తింటాను, తీయకుండానే కునుకు తీస్తాను. అంత పనిలోనూ చంటికి కొత్త పాంటు కుట్టాను. తొడుక్కుని నా ముందు నుంచి వెళ్తుంటే అంచులు నేలకి రాస్తున్నాయి. కొలత తప్పానేమో అనుకుని పైకి మడిచి కుట్టాను. రెండ్రోజులు పోయాక బంతి కోసం పరిగెత్తుతుంటే చూశాను, అదే పాంటు చీలమండలు దాటి పైకి పోయింది. నాకు మతి పోయింది. ఊళ్ళో పిల్లలందరికీ సరిపోయేలా కుట్టి, నా కడుపున పుట్టినవాడి కొలతలే తప్పానా?

ఆ సాయంత్రం వాడే నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఇంకో పాంటు కుడతావా? బాగా వదులుగా. మోకాళ్ళ దగ్గర ఇంకా వదులుగా."

"ఎందుకురా, ఉన్నది బానే ఉందిగా?"

"ఊరికే. గాలాడుతుందని."

మర్నాడు నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళబోయి ఆగిపోయాను. వాడు గుమ్మానికి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. అరచెయ్యి తల మీద పెట్టి, మోకాళ్ళు కొంచెం కొంచెంగా వంచుతున్నాడు. చెయ్యి ఎర్ర గీత కిందికి రాగానే కదలకుండా అలాగే ఉండిపోతున్నాడు, అలా ఎంతసేపు ఉండగలనా అని చూసుకుంటున్నాడు. తొడలు వణుకుతున్నాయి. ఇంట్లో వంగి వంగి నడుస్తున్నది కూడా అలవాటు కోసమేనని అప్పుడు వెలిగింది నాకు. కొలత నేను తప్పలేదు. నా కొడుకు కూర్చుని ఆలోచించి మరీ పొట్టివాడవుతున్నాడు.

నన్ను చూసి నిటారుగా లేచాడు. "నాన్నకి చెప్పకమ్మా," అన్నాడు.

చెప్పలేదు. ఆ రాత్రే పని పక్కన పడేసి పాంటు కత్తిరించాను. మోకాళ్ళ దగ్గర ఇంకో పిల్లాడు పట్టేంత వదులు పెట్టాను. కత్తెర ఆడుతున్నంతసేపూ మా ఆయన మీద కోపంతో నా పళ్ళు పటపటమంటూనే ఉన్నాయి. తెల్లారి లేచి చూస్తే పిడుగు జుట్టంతా నడినెత్తిన ముడి వేయించుకుని, నా ఎత్తు చెప్పులు తొడుక్కుని, అదే గుమ్మం దగ్గర మునివేళ్ళ మీద నిలబడి ఉంది. ఉన్నది ఒకటే గీత. దాని పైకి పాకాలని ఇదీ, దాని కింద దూరాలని వాడూ.

నవ్వాలో ఏడవాలో తెలియక, ఎలాగైనా తేల్చుకోవాలని ఆయన ముందు కూర్చున్నాను.

"పార్కుకి వెళ్దాం. కానీ నేను చెప్పినట్టు వెళ్దాం. పొద్దున్న మీరు పిడుగుని తీసుకుని దాన్ని ఏమేం ఎక్కనిస్తారో అవన్నీ ఎక్కించండి. నేనూ చంటీ పడవలూ అద్దాల గదీ చూసుకుంటాం. ఫౌంటెన్ దగ్గర అందరం కలిసి తిందాం. తిన్నాక నేను పిడుగుతో వెళ్తాను, మీరు చంటిని బొమ్మరైలు ఎక్కించండి."

"బొమ్మరైలేంటి, నవ్విపోతారు. కొండచిలువ ఎక్కిస్తాను."

"ఎక్కించరు."

"నా దగ్గరికొచ్చే ప్రతివాడూ మొదటిరోజు వణికేవాడే. తోసేస్తే పోతుంది భయం. ఎంతమందిని చూళ్ళేదు నేను?"

"వాళ్ళు నేర్చుకుంటామని వాళ్ళంతట వాళ్ళొస్తారు. పైగా ఆ కారులో మీ కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది. వాళ్ళకి ఎక్కడ చెయ్యి తడబడినా మీరు నొక్కేస్తారు. అది ఉందన్న ధైర్యంతోనే వాళ్ళు బండి కదిలిస్తారు. వీడికేది ఆ బ్రేకు? పైకెళ్ళాక 'ఆపండి నాన్నా' అంటే మీరేం నొక్కుతారు?"

ఆయన నవ్వేశాడు.

"పక్కన నేనుంటానుగా. గట్టిగా పట్టుకుంటాను. నా చెయ్యే వాడికి బ్రేకు."

"ఆ చెయ్యి బొమ్మరైల్లో వెయ్యండి చాలు."

"సరే తల్లీ, సరే. బొమ్మరైలే. ఒట్టు."

చంటి తలుపు చాటునుంచి అంతా విన్నాడు. ఇక వారమంతా వాళ్ళ నాన్న కాళ్ళకి అడ్డం పడుతూనే ఉన్నాడు. "నాన్నా, చివరి పెట్టెలో కూర్చుందాం. మలుపు తిరిగేటప్పుడు అక్కణ్ణించి ఇంజను కనిపిస్తుంది. సరేనా?" ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "సరేలేరా" అనేవాడు. వాడు నడిచేటప్పుడు వంగడం మానేశాడు. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

పార్కుకి బయల్దేరే రోజు మాత్రం వాడు ఆ వదులు పాంటే తొడుక్కున్నాడు.

"బొమ్మరైలే కదరా, అదెందుకు?"

"ఉండనీ అమ్మా," అన్నాడు. వాళ్ళ నాన్న గురించి నాకంటే వాడికే బాగా తెలుసు.

పొద్దున్నంతా అనుకున్నట్టే గడిచింది. అద్దాల గదిలో చంటి తన పొట్టి బొమ్మనీ పొడుగు బొమ్మనీ చూసుకుని పడీ పడీ నవ్వాడు. ఫౌంటెన్ దగ్గర కలిశాం. పిడుగు చెమటలు కక్కుతూ, చూసినవీ చూడనివీ కలిపి చెప్పేసింది. తిన్నాక మా ఆయన లేచి, "పదరా చంటీ, రైలు," అన్నాడు. వాడు నా వంక చూసి, చేత్తో రైలు కూత తాడు లాగుతున్నట్టు సైగ చేసి వెళ్ళాడు. నేను పిడుగుని తీసుకుని డాషింగ్ కార్ల వరసలో నిలబడ్డాను.

కాసేపటికి బొమ్మరైలు కూత పెట్టుకుంటూ మా పక్కనుంచే వెళ్ళింది. చెయ్యి ఊపుదామని ఎత్తాను. ఒక్కో పెట్టే చూస్తున్నాను. చివరి పెట్టె ఖాళీగా వెళ్ళిపోయింది.

"అమ్మా, అన్నయ్య అదుగో," అంది పిడుగు. దాని వేలు రైలు వైపు లేదు. కొండచిలువ మెట్ల వైపు ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. పిల్ల రెక్క పట్టుకుని పరిగెత్తాను. కమ్మీల మధ్య వంకర టింకరగా సాగే వరస, దాని మొదట్లో టోపీ పెట్టుకున్న కుర్రది అడ్డం నిలబడింది.

"పాపకి ఎత్తు చాలదండీ. లోపలికి రానివ్వం."

"మేం ఎక్కడానికి కాదమ్మా. మా అబ్బాయి లోపలున్నాడు."

"అయితే పాపని బయటుంచి మీరు వెళ్ళండి."

ఆ జనంలో ఆరేళ్ళ పిల్లని ఎవరి చేతిలో పెట్టను? కమ్మీలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పైన మెట్ల దగ్గర పలక మీద పెద్ద పాము బొమ్మ, దాని నాలుక అడ్డంగా చాపి ఉంది. పిల్లల తల ఆ నాలుకకి తగిలితేనే లోపలికి పంపిస్తారు. చంటి దాని కింద నిలబడి ఉన్నాడు. చూపు పూర్తిగా ముందుకే ఉంది. కొలిచే అతను వంగి చూసి, తల అడ్డంగా ఊపడం నాకు కనిపించింది. మాటలు కూడా వినిపించాయి.

"కొంచెం తక్కువున్నాడు సార్. వచ్చే ఏడు తీసుకురండి."

నా పాంటు పని చేసింది.

"తక్కువేంటయ్యా? మా ఇంట్లో నేనే కొలిచాను, దాటాడు," అన్నాడు మా ఆయన. వాణ్ణి ఎగాదిగా చూశాడు. వంగి పాంటుని రెండు చేతులా తడిమాడు. మోకాళ్ళు దొరికాయి.

"ఓర్నీ! మోకాళ్ళు వంచాడయ్యా వీడు!" అని వరస మొత్తానికీ వినిపించేలా నవ్వాడు. వరస మొత్తం నవ్వింది. వాడి రెండు చంకల కింద చేతులేసి పైకి లాగాడు. "నిటారుగా నిలబడరా మొగాడిలా!"

వాడి తల పాము నాలుకకి తగిలింది. కొలిచే అతను కమ్మీ పక్కకి తీశాడు.

"ఏమండీ! ఆగండి! ఒట్టేశారు మీరు!" గొంతు చించుకుని అరిచాను. ఆయన తిరిగి చూసి, ఏం కాదులే అన్నట్టు చెయ్యి ఊపాడు. చంటి కూడా చూశాడు నన్ను. అమ్మా అని అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వాళ్ళ నాన్న వెనకే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నా పక్కన పిడుగు కమ్మీని కాలితో తన్నింది.

"నేనెక్కుతానంటే ఎక్కనివ్వరు, వాడొద్దంటే ఎక్కిస్తారు! వీళ్ళకేమైనా బుద్ధుందా?"

నా కడుపులో ఉన్న మాట అది. దాన్ని తిట్టలేదు.

బండి కదిలింది, టకటకమంటూ పైకెక్కింది. శిఖరాన ఒక్క క్షణం నిలబడినట్టే అనిపించింది. దూకింది. పైన అందరూ కేకలు పెడుతున్నారు. అన్ని కేకల్లోనూ వాడి కేక కోసం చెవులు రిక్కించాను. వినిపించలేదు.

బయటికొచ్చే దారిలో గోడ పక్కన వాంతి చేసుకున్నాడు. కుళాయి దగ్గర మొహం కడిగాను. మొహం తెల్లగా పాలిపోయింది, ఏడుపు మాత్రం లేదు. నా చెంగుతో తుడుస్తుంటే అడిగాడు.

"అమ్మా, ఇంక మోకాళ్ళు వంచక్కర్లేదుగా?"

తడి చెంగు పిండుకుని వాడి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు కూడా మా ఆయన ఫొటోల కౌంటరు దగ్గరే ఉన్నాడు. తెర మీద చూసి నొసలు చిట్లించాడు.

"ఛ. వీడి మొహమే పడలేదు. కొనడం దండగ. పద."

నేను వెళ్ళి చూశాను. చూసి, ఫ్రేము కట్టి ఇమ్మన్నాను.

"పిచ్చా నీకు? మొహం లేని ఫొటో ఏం చేసుకుంటావ్?"

"గోడకి మేకుందిగా," అన్నాను. ఇంటికొచ్చేదాకా నేనన్న మాట అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే కుర్చీ ఎక్కి ఫొటో తగిలించాను. ఆయన ఇంతెత్తున లేచాడు. నలుగురూ చూస్తే నవ్వుతారన్నాడు, తీసెయ్యమన్నాడు. నేను మిషను తొక్కుకుంటూ కూర్చున్నాను. నిన్నటి చొక్కాకి బొత్తాం ఊడింది, కుట్టిపెట్టమన్నాడు. దానికీ జవాబివ్వలేదు. ఊరందరికీ బొత్తాలు కుట్టే దాన్ని, ఆ చొక్కా మాత్రం నెలంతా అలాగే వేలాడింది.

బడులు తెరిచే ముందు ఆదివారం బావగారు వచ్చారు, వాళ్ళబ్బాయి యూనిఫాం తీసుకెళ్ళడానికి. చంటి నా పక్కన నేల మీద కూర్చుని బట్టల అంచుల్లో మిగిలిన దారాలు కత్తిరిస్తున్నాడు. బావగారి చూపు నేరుగా గోడ మీదికి పోయింది.

"ఓహో, ఎక్కించావన్నమాట! ఏదిరా అబ్బాయి మొహం?"

"కిందికి వంచేశాడన్నయ్యా," అన్నాడు మా ఆయన ఇబ్బందిగా.

బావగారు దగ్గరికెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇదేనా తల? నీ చొక్కా పట్టుకుంది వీడి పిడికిలేనా? అబ్బో, చిరిగిపోయేలా పట్టుకున్నాడే." కిందికీ పైకీ చూసి నవ్వారు. "నువ్వు మాత్రం భలే పడ్డావురా. రెండు చేతులూ ఆకాశంలోనే ఉన్నాయి!"

నేను మిషను ఆపాను.

మా ఆయన ఫొటో వంక చూశాడు. అన్నాళ్ళూ ఆయన ఆ ఫొటోలో లేని మొహం కోసమే చూసుంటాడు. ఉన్న చేతుల్ని అప్పుడే చూశాడు. ఫొటోలో తను నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, పది వేళ్ళూ విప్పి రెండు చేతులూ పైకెత్తాడు, పక్కన తొమ్మిదేళ్ళ పిల్లాడు ఒడికి అడ్డంగా ఉన్న కమ్మీ మీదికి ముడుచుకుపోయి ఆయన చొక్కా అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. బావగారు ఇంకేదో హాస్యమాడారు. ఈయన నవ్వలేదు.

బావగారు వెళ్ళాక మా ఆయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

"ఆ ఫొటో తీసెయ్యవే," అన్నాడు చివరికి. ఈసారి గొంతులో అధికారం లేదు. "చూడలేకపోతున్నాను."

"మేకు కొట్టింది మీరేగా. మీరే తీసుకోండి."

లేచి కుర్చీ జరుపుకుని ఎక్కాడు. ఫ్రేము రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అలాగే నిలబడి, నిలబడి, తీయకుండానే దిగాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. చంటికి మీసాలొచ్చాయి, ఇంటికి రెండుసార్లు సున్నాలేశాం, అది మాత్రం మళ్ళీ అదే మేకుకి ఎక్కింది. ఎక్కించింది ఆయనే.

ఆ రోజు మాత్రం కుర్చీ దిగి, వచ్చి చంటి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"చంటీ, రేపు పార్కుకి వెళ్దామా? మనిద్దరమే. బొమ్మరైలు. చివరి పెట్టెలో కూర్చుందాం."

వాడు ఇంకో దారం కత్తిరించాడు. కోపంగా ఏం లేడు, అలగలేదు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఎంత మర్యాదగా ఉండాలో అంత మర్యాదగా అన్నాడు.

"అమ్మ కూడా వస్తే వస్తాను నాన్నా."

ఆయన నా వంక చూశాడు. నేను ఆయన కోసం ఏ మాటా కలపలేదు. సూదిలోకి దారం ఎక్కించుకుని మిషను తొక్కాను.